నూగుకు లేజర్ వద్దు

సంపాదకులకు,

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ముఖం మీది నూగు శాశ్వతంగా పోగొడతామంటూ లేజర్ ప్యాకేజీల ప్రకటనలు మొదలవుతాయి. లేజర్ పట్టుకునేది వెంట్రుకలోని నల్లరంగును. రంగు లేని సన్నటి నూగు దానికి చిక్కదు. పైగా మన చామనఛాయ ముఖాల్లో, ముఖ్యంగా పీసీఓడీ (హార్మోన్లు అదుపు తప్పే అండాశయ సమస్య) ఉన్న అమ్మాయిల్లో, బుగ్గలూ దవడ అంచుల మీది నూగు లేజర్ తర్వాత ఒక్కోసారి నల్లబడి, మందంగా పెరుగుతుంది. డబ్బు కట్టించుకునే ముందే ఈ మాట చెప్పాలి.

వెంట్రుక రంగు ఏదైనా కుదురును చంపేది ఎలక్ట్రాలసిస్. కంట్లోకి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కోసం చార్లెస్ మిషెల్ అనే అమెరికా కంటి డాక్టరు 1875లో వెలుగులోకి తెచ్చిన పద్ధతి ఇది. వెంట్రుక పక్కనుంచి సన్నని సూదిని కుదురులోకి దించి కరెంటు ఇస్తారు. గాల్వానిక్ పద్ధతిలో ఆ కరెంటు అక్కడి ఉప్పునీటిని క్షారంగా మారుస్తుంది, ఆ క్షారమే కుదురును కరిగిస్తుంది. థర్మాలసిస్ అనే మరో పద్ధతిలో ఆ పని వేడి చేస్తుంది.

నూగు కుదురు లోతుగా ఉండదు. 2 లేదా 3 నంబరు సూది సరిపోతుంది. 2 నంబరంటే 0.05 మిల్లీమీటర్ల మందం. సూది కుదురు దాటి దిగితే కింది చర్మం కాలుతుంది. పైపైనే ఆగితే పైపొర కాలి, పక్కు కట్టి, నల్లమచ్చ పడుతుంది. పని సరిగ్గా జరిగిందా అన్నది పట్టకారే చెబుతుంది: వెన్నలోంచి తీసినట్టు వెంట్రుక జారి రావాలి. చురుక్కుమని లాగిందంటే అది ఉత్త పీకుడే, మళ్లీ మొలుస్తుంది. సూది సీలు మీ కళ్లముందే విప్పాలి, పట్టకారు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) శుద్ధి చేసినదై ఉండాలి. లేకపోతే హెపటైటిస్-బి ఇలాంటి చోట కూడా అంటుకోవచ్చు.

పెరిగే దశలో ఉన్న వెంట్రుకకే ఇది బాగా పనిచేస్తుంది కాబట్టి ఏడాది, ఏడాదిన్నర తిరగాల్సి ఉంటుంది. మధ్యలో త్రెడింగ్, వ్యాక్స్ చేయిస్తే కుదురు ఖాళీ అయి సూదికి దారి దొరకదు, కత్తెరతో కత్తిరించుకోవచ్చు. పీసీఓడీకి మందులు వాడకపోతే పక్కనున్న కుదుళ్లలో కొత్తవి లేస్తూనే ఉంటాయి. పేస్‌మేకర్ ఉన్నవారు చేయించుకోకూడదు. చేయించుకున్నాక రెండు రోజులు పసుపు, బ్లీచ్, మేకప్, ఎండ దూరంగా ఉంచాలి. పక్కు గిల్లకూడదు.

దగ్గరికొస్తే తప్ప కనబడని నూగును వదిలేయడమే మేలు. తీయించుకోవాలనుకుంటే మొదటిరోజే పై పెదవికి వెళ్లకుండా, దవడ కింద పది వెంట్రుకలు తీయించి నెల రోజులు ఆగండి. అక్కడ మచ్చ పడకపోతే అప్పుడు పెదవి మొదలుపెట్టవచ్చు.

– ఒక చర్మవైద్యురాలు, కాకినాడ