రెస్ట్‌లెస్ అంటే అవిశ్రాంతం కాదు

సంపాదకులకు,

మీ విద్యా పేజీలోని ఇంగ్లీషు పదాల శీర్షికలో ఈమధ్య డజనుకు పైగా మాటలు వరసగా పెట్టి, అన్నింటికీ ఎదురుగా ‘పట్టుదల గల, అలుపెరగని’ అని ఒకటే అర్థం వేశారు. మా విజయనగరంలో డీఎస్సీకీ, బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు ఆ ముక్క కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు. అక్కణ్నుంచి అది రెజ్యూమేలోకి ఎక్కుతుంది, తర్వాత ఎవరిదో సన్మానపత్రంలో తేలుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ జాబితాలో లేని ఒక మాట. ‘అవిశ్రాంతంగా పనిచేశారు’ అని తెలుగులో అనుకుని, విశ్రాంతికి రెస్ట్, లేకుండాకి లెస్ తగిలించి ‘వర్క్‌డ్ రెస్ట్‌లెస్‌లీ’ అని రాసేస్తుంటారు. ఇంగ్లీషులో రెస్ట్‌లెస్ అంటే కుదురు లేనివాడు, కాలు కాలిన పిల్లి. రిటైరవుతున్న హెడ్మాస్టరు గారి పత్రంలో ఈ మాట పడిందంటే, ఆయన ఒక్కచోట నిలకడగా ఉండలేదని శాలువా కప్పి మరీ చెప్పినట్టు. అక్కడ రావలసింది టైర్‌లెస్‌లీ. దాని స్పెల్లింగులో టి తర్వాత ఐ ఉండాలి. వై రాస్తే బండి టైరు. ఇలాంటిదే ఇంకొకటి, ‘వర్క్స్ హార్డ్లీ’. హార్డ్‌కి ఎల్వై చేరిస్తే ‘కష్టపడి’ అవుతుందనుకుంటారు గానీ, హార్డ్లీ అంటే దాదాపు ఏమీ లేదని. వర్క్స్ హార్డ్ అని ఆపేస్తే చాలు.

ఇక జాబితా సంగతి. వీటిని విడదీయడానికి నిఘంటువు కన్నా మన నోట్లో నానే మాటలే బాగా పనికొస్తాయి. టెనేషస్ అంటే ఉడుంపట్టు. దాని లాటిన్ మూలం కూడా ‘పట్టుకోవడం’ అన్న క్రియే, కాబట్టి జత బాగా కుదిరింది. పర్సిస్టెంట్ మంచిచెడ్డల మధ్య ఊగే మాట. పది సంస్థలు కాదన్నా పదకొండో దరఖాస్తు పెట్టేవాడు పర్సిస్టెంటే, తగ్గని దగ్గూ పర్సిస్టెంటే. పర్టినేషస్‌లో జిడ్డు పాలు ఎక్కువ. స్టబర్న్ అంటే మొండి. ఆబ్‌స్టినేట్ అంటే నచ్చజెప్పినా వినని మొండి. బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ 1948లో బీబీసీ రేడియోలో ఈ తేడాతోనే చమత్కరించాడు: నాదైతే దృఢత్వం, నీదైతే మొండితనం, వాడిదైతే మూర్ఖత్వం. గుణం ఒకటే, ఎవరిలో చూస్తున్నామన్నదాన్ని బట్టి మాట మారుతుంది. మీ జాబితాలో ఆబ్‌స్టినేట్, టెనేషస్ పక్కపక్కనే ఉన్నాయి. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ ఆబ్‌స్టినేట్’ అన్న కుర్రాడు తన లోపాన్ని తానే చెప్పుకున్నట్టు.

డాగిడ్ దగ్గర మనవాళ్లు జంకుతారు, లోపల కుక్క ఉంది కాబట్టి. తెలుగులో కుక్క తిట్టే గానీ, ఇంగ్లీషులో డాగిడ్ ఇప్పుడు మెచ్చుకోలే: వాసన పట్టి వదలకుండా వెంట నడిచే తత్వం. విశేషణంగా రెండు అక్షరాలుగా ‘డా-గిడ్’ అని పలకాలి. ‘వెంటాడింది’ అనే క్రియ అయితేనే ‘డాగ్‌డ్’. మొండితనాన్ని మాత్రం వాళ్లు కంచరగాడిదకు అంటగట్టారు. గొడ్డు చాకిరీకి డాంకీ వర్క్ అంటారు, మన గాడిద చాకిరీ లాగానే.

రెలెంట్‌లెస్‌ను సేవాభావానికి వాడకండి. రెలెంట్ అంటే మెత్తబడడం, కనికరించడం. కనికరం లేని ఎండ, తెరిపి ఇవ్వని వాన, వదలని శత్రువు, వీటికి అది సరిపోతుంది. నర్సమ్మ ‘రెలెంట్‌లెస్ సర్వీస్’ చేసిందంటే వినేవాడికి ఇంజెక్షను సూదే గుర్తొస్తుంది. అన్‌రిమిటింగ్ అంటే ఎడతెగనిది; మనిషికి కాదు, నొప్పికో ఒత్తిడికో శ్రమకో. అన్‌ఫ్లాగింగ్ అంటే సడలనిది; ఉత్సాహానికీ మద్దతుకూ. వర్కహాలిక్ అంటే ఆల్కహాలిక్‌కి అంటుకట్టిన మాట. అందులో వ్యసనం వాసన పోదు.

నాకు ఇష్టమైనది అసిడ్యుయస్. ‘పక్కన కూర్చోవడం’ అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది. వదలకుండా, శ్రద్ధగా, రోజూ ఒకే పని దగ్గర కూర్చునేవాడు. శ్రీకాకుళం సీమలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర గిరిజనులను పక్కన కూర్చోబెట్టుకుని వారి భాష నేర్చుకుని, సవర–ఇంగ్లీషు నిఘంటువు దాకా తెచ్చారు. ఈ మాట ఆయనకు అక్షరాలా అతుకుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు విభాగాల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన మన ఆమదాలవలస వైపు అమ్మాయి కరణం మల్లీశ్వరికి అసిడ్యుయస్ కన్నా టెనేషస్ నప్పుతుంది. ఇద్దరిదీ పట్టుదలే అని ఊరుకుంటే ఈ తేడా ఎక్కడ దొరుకుతుంది?

పలకడంలోనూ, రాయడంలోనూ రెండు మాటలు జారిపడేస్తాయి. అలుపెరగని అనే అర్థమున్న ఇన్‌డిఫ్యాటిగబుల్‌లో ఊనిక, అంటే నొక్కి పలకడం, ‘ఫ్యా’ మీద. ఫటీగ్‌ను గుర్తు పెట్టుకుని ‘డిఫటీగబుల్’ అంటే తప్పు. స్పెల్లింగులోనూ ఫటీగ్‌లోని యు, ఇ ఇక్కడ ఉండవు, జి తర్వాత నేరుగా ఏ. రెండోది పర్సివీరన్స్. 2021 ఫిబ్రవరిలో అంగారకుడి మీద దిగిన నాసా రోవర్ పేరు అదే. మన పత్రికలు ‘పర్సెవరెన్స్’ అని రాయడంతో జనం ‘సె’ని నొక్కుతున్నారు, నొక్కవలసింది ‘వీ’ని. చాలామంది ఎస్ తర్వాతి ఈ పక్కన లేని ఆర్ ఒకటి ఇరికిస్తారు కూడా. విభక్తి దగ్గర మరో చిక్కు: పర్సిస్ట్ తర్వాత ఇన్ వచ్చి క్రియకు ఐఎన్‌జీ చేరాలి, టూ రాదు. పర్సివియర్‌కు విత్ గానీ ఇన్ గానీ. ‘పర్సిస్టెడ్ టు ఆస్క్’ అన్న వాక్యం ‘అడగడానికి పట్టుబట్టాడు’కి మక్కీకి మక్కీ.

శీర్షికలో చోటు తక్కువని తెలుసు. పద్నాలుగు మాటలు వేసే చోట ఆరే వేయండి. ఒక్కోదాని పక్కన మెప్పో తిట్టో తెలిపే గుర్తు, ఊనిక పడే అక్షరం, వెంట వచ్చే విభక్తి, ఒక చిన్న వాక్యం ఇవ్వండి. అంతకన్నా ముందు, వచ్చే వారం ఒక్క పంక్తిలో సవరణ వేసి ఆబ్‌స్టినేట్‌ను ఆ వరసలోంచి తీసేయండి. గ్రూప్స్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు ఇప్పటికే బట్టీ పట్టేసి ఉంటారు.

— ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు,
విజయనగరం