దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చిన తమ్ముడికి, ఇంకా అందరికీ థాంక్స్

మా పాపకి బ్లడ్ క్యాన్సర్, ఇండక్షన్ అంటే మొదటి విడత కీమో అయిపోయింది, బోన్ మ్యారో రిపోర్ట్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది, రెమిషన్ అన్నరు డాక్టర్, అంటే ఇప్పటికైతే క్యాన్సర్ కనబడుతలేదని. ఇంకా రెండేండ్లకు పైనే మందులు వాడాలె, మళ్ళీ రావొద్దని రోజూ మొక్కుకోవాలె, కానీ ఇయ్యాలైతే కడుపు నిండా తిన్నం. కండ్లు మూతపడుతున్నయ్, అయినా ఇది రాసినంకనే పడుకుంట.

అమ్మ, అత్తమ్మ, మా మరిది అందరూ మస్తు చేసిండ్రు, ఇంటోళ్ళకి థాంక్స్ ఏం చెప్తం. నేను చెప్పాల్సింది ఆ తమ్ముడి గురించి. పేరు రాయొద్దన్నడు, రాస్తలేను.

పాప ప్లేట్లెట్స్ 9 వేలకి పడిపోయినయ్, మామూలుగ లక్షన్నర పైన ఉండాలె. కాళ్ళ మీద ఎర్ర చుక్కలు, చిగుళ్ళ నుంచి రక్తం, దిండు మీద మరకలు. ఎస్‌డీపీ, అంటే ఒక్క మనిషి నుంచే మెషీన్ మీద తీసే ప్లేట్లెట్స్, ఎక్కియ్యాలన్నరు, అదీ బి నెగిటివ్. రాత్రిపూట బ్లడ్ బ్యాంక్ కౌంటర్ కాడికి పోతే స్టాక్ లేదు, డోనర్‌ని మీరే తెచ్చుకోండి అన్నరు. వచ్చినోళ్ళల్ల ఒకరికి నరం సన్నగుందన్నరు, ఒకాయన ఆస్పిరిన్ గోలి వేసుకున్నడు, ఇంకొకాయనకి ఆయన ప్లేట్లెట్సే తక్కువున్నయ్. అప్పుడు ఎవరో పంపిన వాట్సాప్ మెసేజ్ చూసి ఈ తమ్ముడు ఫోన్ చేసిండు, "అక్కా, ఇంకా దొరకలే కదా, బయల్దేరుతున్న" అని అంతే. మెట్రోల వచ్చి, దిగినంక వానల తడుసుకుంట నడిచొచ్చిండు. సెంట్రింగ్ పని చేస్తడంట, సిస్టర్ దూదితో మోచెయ్యి తుడుస్తుంటే దూదికి సిమెంట్ అంటుతున్నది. గంటకు పైనే మెషీన్ కాడ కూసున్నడు, నడుమల పెదాలు జివ్వుమంటున్నయంటే క్యాల్షియం గోలీలు ఇచ్చిండ్రు, నాకు భయమైంది, ఆయనేమో "ఏం కాదక్కా, నువ్వు పాప కాడికి పో" అన్నడు. ఆటోకి పైసలిస్తే తీసుకోలే. పోయేటప్పుడు "రెండ్రోజులైతే మళ్ళీ ఇయ్యొచ్చంట, కావాలంటే ఫోన్ చెయ్యి" అన్నడు. క్యాన్సర్ అని చెప్పిన రోజు కూడ ఏడ్వలేదు నేను, ఆ మాటకి లిఫ్ట్ కాడ కూలబడి ఏడ్చిన. పైన వార్డుల పసుపురంగు ప్లేట్లెట్స్ ప్యాకెట్ ఎక్కుతుంటే పాప "మమ్మీ, మామిడి రసమా?" అని అడిగింది.

ప్లేట్లెట్స్ 5 రోజులకి మించి ఆగవు, స్టాక్ పెట్టుడు కష్టమే, ఒప్పుకుంట. మరి ఇచ్చేటోళ్ళ ఫోన్ నంబర్లు పెట్టుకునుడు కూడ కష్టమేనా? బిడ్డ అట్ల పడుకుంటే తల్లిదండ్రులే రాత్రంత ఫోన్లు చేసుకోవాలెనా? పక్క బెడ్డు వాళ్ళు ఆదిలాబాద్ నుంచి వచ్చిండ్రు, ఇక్కడ ఒక్కరు తెల్వదు, వాళ్ళు ఎవరికి చెయ్యాలె?

జ్వరం 100.4 దాటితే ఏ రాత్రైనా వెంటనే తీస్కరమ్మన్నరు, అందుకే పాప నుదురు మీద చెయ్యి పెట్టాలంటేనే గుండె దడ. కానీ పిల్లలకి వచ్చే ఈ రకం బ్లడ్ క్యాన్సర్ చాలామందికి నయమైతదన్నరు, ఒకటో తరగతి పుస్తకాలకి అట్టలు ఎప్పుడేస్త అని మా ఆయన ఇప్పటి నుంచే అడుగుతున్నడు.

అయ్యో మర్చిపోయిన, వేడినీళ్ళు తెచ్చిచ్చిన ఆయమ్మకి, ఒక్కసారికే నరం దొరకబట్టే నైట్ డ్యూటీ సిస్టర్‌కి థాంక్స్. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినోళ్ళకి కూడ, ఎవరో తెల్వదు. మా కింది పోర్షన్ ఆంటీ మా పెద్దోడికి రోజూ టిఫిన్ బాక్స్ కట్టింది, ఆంటీ, మీ గిన్నెలు రెండు మా ఇంట్లనే ఉన్నయ్, రేపు పంపిస్త.