గోదావరి తేమలో తైలవర్ణాలు

సంపాదకులకు నమస్కారం.

పోర్ట్రెయిట్లను పాత పద్ధతిలో పొరలు పొరలుగా వేయాలనుకునే యువ చిత్రకారులకు ఒక మాట. పుస్తకాల్లో చెప్పినట్టు కాన్వాసుకు తోలు జిగురు పూస్తే మన డెల్టాలో నిలవదు. వానాకాలంలో తేమ పీల్చి మెత్తబడుతుంది, ఎండల్లో బిగుసుకుంటుంది. ఆ లాగుడుకే రంగు పగులుతుంది. రంగుకు ముందు అస్తరుగా పూసే తెల్లటి అక్రిలిక్ జెస్సో మూడు పూతలు వేసుకోవడమే మేలు.

మొదటి పొర రా అంబర్ అనే మట్టి గోధుమ రంగుతో, టర్పెంటైన్‌లో పల్చగా వేయాలి. అందులోని మాంగనీసు వల్ల తొందరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ అనే నలుపు అడుగున వద్దు, అది ఓ పట్టాన ఆరదు. పైపొరలకు పోనుపోను అవిసె నూనె పెంచాలి. తిరగేస్తే పైది ముందే గట్టిపడి, అడుగుది తర్వాత కదిలి, సరిగ్గా చెంప మీదే చీలిక వస్తుంది!

వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి. అదీ ముసురులో పూస్తే తెల్లటి పొగలా మసక కమ్ముతుంది; ఫిబ్రవరి, మార్చి నెలలు అనువు. చెమ్మ గోడకు ఫ్రేము ఆనించకుండా వెనుక కార్కు ముక్కలు అంటించాలి.

రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న గ్యాలరీలో ఏటా రెండు రోజులైనా ఈ పని చేసి చూపించే ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాం.

— కొందరు చిత్రకళా ఉపాధ్యాయులు, అమలాపురం