హైలైటర్ మన రంగుకు, మన ఉక్కకు తగ్గట్టు వెయ్యాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ వస్తే పత్రికల్లో మేకప్ చిట్కాలు కనిపిస్తాయి. ముఖం మీద మెరుపు కోసం రాసే హైలైటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చలి దేశాల్లో తెల్లని చర్మానికి చెప్పిన పద్ధతినే ఎక్కువగా దించేస్తున్నారు: నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం, అన్నిచోట్లా రాయమని. అలా రాసుకుని వైశాఖంలో హోమగుండం ముందు కూర్చున్న పెళ్లికూతురి ముఖం, పీటల మీంచి లేచేలోపే నూనె పట్టించినట్టు అవుతుంది. లోపం ఆ అమ్మాయిది కాదు, ఆమెకు అందిన సలహాది.

హైలైటర్‌లో మెరిసేది చాలావరకు అభ్రకం, గూడూరు గనుల వల్ల నెల్లూరు వైపు అందరికీ తెలిసిన ఖనిజమే. దాని సన్నని రేకుల మీద టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ పూత పూస్తారు. నున్నటి చర్మం మీద ఆ రేకులు పడుకున్నట్టు పరుచుకుని వెలుగును ఒకే వైపుకు తిప్పి పంపుతాయి. మొటిమల గుర్తులు, పెద్ద రంధ్రాలు, ముడతలు ఉన్నచోట గట్టు మెరిసి గుంట చీకటిగా ఉండిపోతుంది. అంటే దాచాలనుకున్నదే ఎత్తి చూపిస్తుంది. చెమటా జిడ్డూ కూడా మెరిసేవే కాబట్టి, అవి పుట్టే నుదురు, ముక్కు కొన, గడ్డం మీద మన వాతావరణంలో హైలైటర్ వద్దనే మా మాట. పైగా పెళ్లికూతురి నుదుటి మీద బాసికం, పాపిడి బిళ్ల ఎలాగూ మెరుస్తుంటాయి.

రంగు ఎంపికలోనే సగం పని తేలిపోతుంది. వెండి, ముత్యపు తెలుపు, లేత గులాబీ తళుకులు చామనచాయ మీద బూడిద పూసినట్టు తేలతాయి. గోధుమ రంగు చర్మానికి షాంపేన్ గోల్డ్ (లేత బంగారు రంగు), పీచ్. చామనచాయకు నిండు బంగారు రంగు. ఇంకా ముదురు చాయకు కంచు, రాగి రంగులు చక్కగా కలుస్తాయి. షాపులో ముంజేతి మీద రాసి చూసుకుంటే తెలియదు. బుగ్గ ఎముక మీద రాసుకుని బయటి వెలుగులోకి రావాలి. అద్దానికి ఎదురుగా ఉన్నప్పుడు కనపడకుండా, తల పక్కకు తిప్పినప్పుడే మెరిస్తే అది మీ రంగు. ఎదురుగా చూసినా చారలా కనిపిస్తే ఒక మెట్టు ముదురుది తీసుకోవాలి. మీ పేజీల్లో ఈ రంగుల తేడా తెలిసేలా చామనచాయ, నల్లని ముఖాల ఫొటోలు కూడా వేస్తే పాఠకులకు నిజంగా పనికొస్తుంది.

ఇక వరస. క్రీమ్ లేదా లిక్విడ్ హైలైటర్ అయితే ఫౌండేషన్ (ముఖమంతా రాసే చర్మం రంగు పూత) తర్వాత, పౌడర్‌కు ముందు. పొడి హైలైటర్ అయితే పౌడర్, బ్లష్ (బుగ్గలకు వేసే రంగు) అయ్యాక. పౌడర్ మీద క్రీమ్ రుద్దితే రెండూ కలిసి ముద్దకట్టి, కింద ఉన్న ఫౌండేషన్‌ను కూడా లేపేస్తాయి. క్రీమ్ ఒక్కో బుగ్గకు బియ్యపు గింజలో సగం చాలు. దాన్ని ఉంగరపు వేలితో అద్దాలి, రుద్దకూడదు.

పొడికి విసనకర్రలా పరుచుకున్న చిన్న ఫ్యాన్ బ్రష్ మంచిది. ఒక్కసారి తాకించి, పిడిని మణికట్టుకు తట్టి అదనపు పొడి రాల్చేయాలి. బ్రష్ మొదట ఎక్కడ ఆనితే అక్కడే ఎక్కువ పొడి దిగుతుంది. కాబట్టి కంటి బయటి కొన కింద వేలితో తడిమి, ఎముక బాగా ఎత్తుగా తగిలే చోట ఆనించి కణత వైపు లాగాలి. బ్రష్‌కు మిగిలిన కాస్తతో కనుబొమ చివర దాకా వంపు తిప్పితే సరి. కంటి మధ్య నుంచి నిలువుగా కిందికి ఒక గీత ఊహించుకుంటే, అది దాటి ముక్కు వైపు రాకూడదు. అక్కడే రంధ్రాలు ఎక్కువ, నవ్వితే ముడత పడేదీ అక్కడే. కళ్ల పక్క గీతలు ఉన్న పెద్దవాళ్లు పొడి జోలికి పోకుండా, తళుకు రేణువులు కనపడని క్రీమ్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ముక్కు దూలం మీద సన్నని గీత ఒకటి, కొనకు చాలా ముందే ఆపేయాలి. పై పెదవి వంపు మీద చిన్న చుక్క. కావాలంటే కంటి లోపలి మూలన రవ్వంత. దిష్టి చుక్క హైలైటర్ మీద పెట్టొద్దు. కాటుకలో నూనె ఉంటుంది కాబట్టి జారిపోతుంది. దవడ వైపు, పౌడర్ వేసిన చోట పెట్టండి.

గడప దాటేముందు ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోవాలి. బుగ్గ మీద తెల్లటి మచ్చ కనిపిస్తే తుడవకుండా, ఫౌండేషన్ అద్దిన స్పాంజితోనే మెల్లగా నొక్కితే తగ్గుతుంది. ముఖమంతా తెల్లబడితే మాత్రం తప్పు హైలైటర్‌ది కాకపోవచ్చు; జింక్ ఉన్న సన్‌స్క్రీన్, సిలికా ఎక్కువున్న పౌడర్ ఫ్లాష్‌కు అలాగే చేస్తాయి. వేడుక మధ్యలో చెమట పడితే టిష్యూతో అద్దడమే, మళ్లీ హైలైటర్ వెయ్యకూడదు.

చివరిగా ఒక హెచ్చరిక. తక్కువ ధరకు వస్తోందని క్రాఫ్ట్ గ్లిటర్ (కాగితపు అలంకరణలకు వాడే తళుకు పొడి) తెచ్చి బుగ్గలకు, కనురెప్పలకు రాస్తున్నారు. దాని అంచులు పదునుగా ఉంటాయి, కంట్లో పడితే నల్లగుడ్డు గీసుకుపోతుంది. ముఖానికి వాడేది ఏదైనా దాని మీద తయారీదారు చిరునామా, గడువు తేదీ ఉండాలి. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అవి తప్పనిసరి. అవేమీ లేని డబ్బాను షాపులోనే వదిలేసి రండి.

ఇట్లు,
పెళ్లి అలంకరణలు చేసే బ్యూటీషియన్లు,
విజయవాడ