మన జియోకాచింగ్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కొత్తగా చేరినవారి కోసం ముందు రెండు మాటలు. మామూలు జనానికి చోటు కచ్చితంగా తెలియకుండా జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని ఉంచిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో తీసేసింది. ఆ వెంటనే మే 3న డేవ్ అల్మర్ ఒరెగాన్‌లో ఒక బకెట్‌లో చిన్న చిన్న వస్తువులు దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పాడు. కనుక్కున్నవాళ్లు ఏదైనా తీసుకోవచ్చు, బదులు ఇంకేదైనా పెట్టాలి. మన జియోకాచింగ్ ఆట కూడా అదే, డబ్బాలో దాచడం, వెతికి కనుక్కోవడం.

ఈ ఏడాది కమిటీలో ఎక్కువ చర్చ జరిగింది డబ్బా ఎక్కడ పెట్టకూడదన్నదాని మీదే. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన ఊరు మనది. ఎవరిదో తెలియని డబ్బా కనబడితే ఇక్కడివాళ్లకు టెన్షన్ పుడుతుంది, పుట్టాలి కూడా. మన సరదా కోసం ఒక్కరు భయపడినా అది ఆట కాదు. అందుకే బస్టాపులు, మెట్రో స్టేషన్లు, మార్కెట్లు, గుళ్లు, మసీదుల దగ్గర ఇక డబ్బాలు పెట్టం. గోల్కొండ, చార్మినార్ వంటి రక్షిత కట్టడాల్లో అసలే వద్దు. స్టీలు డబ్బాలు, టేపు చుట్టిన పొట్లాలు మానేద్దాం. లోపలున్నది బయటికి కనిపించాలి, పైన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో చీటీ అంటించాలి, ఆ స్థలం వాళ్ల అనుమతి ఉండాలి.

ఖాజాగూడ గుట్టల్లో వెతికినవాళ్లకు ఒక ఇబ్బంది ఎదురైంది. పెద్ద బండల పక్కన ఆకాశం సగమే కనిపిస్తుంది, సిగ్నల్ రాళ్లకు తగిలి తిరిగొస్తుంది, ఫోన్‌లో చుక్క అటూ ఇటూ జరుగుతుంటుంది. దాచేవారు వేరువేరు వేళల్లో కొలిచి సగటు తీయండి. అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో దశాంశం తర్వాత నాలుగు అంకెలే రాస్తే దాదాపు 11 మీటర్ల తేడా రావచ్చు, ఐదు రాస్తే మీటరుకు దిగుతుంది. గుర్తు కోసం బండల మీద రంగు మాత్రం పూయకండి. కోట్ల ఏళ్ల నాటి రాళ్లవి.

చాక్లెట్లు, తినుబండారాలు పెట్టవద్దు, చీమలు పడతాయి. పిల్లలకు గోళీలు, కీచైన్లు, రబ్బర్లు చాలు.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదువుతాం. వానాకాలం రాకముందే ఎవరి డబ్బా వారు చూసుకుని, కనుక్కున్నవాళ్లు పేరు రాసే పుస్తకం తడిసి ఉంటే మార్చండి. చూసుకోలేనివారు కమిటీకి చెబితే మేమే వెళ్లి తీసేస్తాం.

కార్యదర్శి