ముల్లు దిగింది అరికాల్లో, బిళ్ళ కట్టింది గజ్జల్లో

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఐదో తరగతి, పదో తరగతి పిల్లల చేత టీడీ టీకా (ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా రాకుండా వేసేది) అంగీకార పత్రాలు ఇంటికి పంపాం. ఎక్కువమంది సంతకం చేసి పంపారు. కొన్ని ఖాళీగా తిరిగొచ్చాయి. ఒకదాని వెనక ఒక తండ్రిగారు పెన్నుతో రాశారు: "చిన్నప్పుడే అన్ని సూదులూ వేయించాం సార్. మళ్ళీ ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు. అందుకే ఈ నెల యూనిట్ పరీక్షల సంగతి పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

మన అనంతపురం పిల్లలకు కంప ముల్లు కొత్త కాదు. ఆమధ్య ఏడో తరగతి పిల్లవాడొకడు బంతి కోసం చెప్పుల్లేకుండా కంపల్లోకి పరిగెత్తాడు. ముల్లు తనే పీక్కుని ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు కుంటుతూ వచ్చాడు, వెనకే వాళ్ళ జేజి. "ముల్లు దిగింది అరికాల్లో, బిళ్ళ కట్టింది గజ్జల్లో. ఇదెట్ల సార్? విషం పైకి పాకిందా?" అని అడిగింది. ముందు డాక్టరుకు చూపించమని పంపాను. కానీ ఆమె ప్రశ్న నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళుగా సైన్సు చెబుతున్నాను, ఏ పిల్లవాడూ ఇంత సూటిగా అడగలేదు.

గజ్జల్లో కట్టేది లింఫ్ గ్రంథి. ముల్లుతో పాటు సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళగానే అక్కడి తెల్లకణాలు కొన్ని వాటిని మింగి, ఆ ముక్కలను పట్టుకుని దగ్గర్లోని గ్రంథికి బయల్దేరతాయి. కాలికైతే గజ్జల్లో, చేతికైతే చంకలో, గొంతుకైతే దవడ కింద. ఆ గ్రంథిలో బి కణాలు, టి కణాలు లక్షల్లో కాచుకుని ఉంటాయి. ఒక్కోదానిదీ ఒక్కో పట్టు, అంటే ఒక్కోటీ ఒక్కో రకం ముక్కనే పట్టుకోగలదు. విచిత్రమేమిటంటే, ఏ క్రిమి వస్తుందో తెలియకముందే ఇన్ని రకాల పట్లూ తయారై ఉంటాయి. తెచ్చిన ముక్క దేనికి సరిగ్గా సరిపోతుందో ఆ కణం ఒకటి రెండై, రెండు నాలుగై వేలల్లోకి పెరుగుతుంది. ఆ రద్దీకే గ్రంథి ఉబ్బుతుంది. అంటే జేజి అనుకున్నట్టు విషం పాకడం కాదు, లోపల పని మొదలైందన్నమాట. (రెండు వారాలైనా తగ్గకపోయినా, జ్వరం వచ్చినా మాత్రం సున్నం పట్టీలతో కాలం గడపకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.)

బి కణాల పేరు వెనక ఒక కోడి ఉంది. కోడి తోక దగ్గర ఉండే బర్సా అనే సంచి తీసేస్తే అది యాంటీబాడీలు (క్రిములను, వాటి విషాన్ని పట్టుకుని ఆపే ప్రొటీన్లు) సరిగా తయారు చేయలేకపోతోందని 1956లో అమెరికాలో గమనించారు. ఆ బర్సాలోని మొదటి అక్షరమే బి. మనకు ఆ సంచి లేదు, మన బి కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి.

టి కణాల్లో ఒక రకం పచ్చజెండా ఊపితే బి కణాలు యాంటీబాడీలను వదులుతాయి. ఇంకో రకం టి కణాలు వైరస్ దూరిన కణాలను వెతికి చంపుతాయి. మొదటిసారి ఇదంతా జరగడానికి వారం పది రోజులు పడుతుంది. పని అయ్యాక చాలా కణాలు చచ్చిపోతాయి, కొన్ని మాత్రం జ్ఞాపకం పెట్టుకుని మిగులుతాయి. అదే క్రిమి మళ్ళీ వస్తే ఈసారి రెండు మూడు రోజుల్లోనే లేస్తాయి. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయడం అరుదు అని మన పెద్దలు అనేది ఇందుకే. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు ఊళ్ళకు ఊళ్ళను చుట్టేసింది. 1781లో అది వచ్చి పోయిన ముసలివాళ్ళకు మాత్రం 65 ఏళ్ళ తర్వాత కూడా సోకలేదు.

మరి ధనుర్వాతం? ఇక్కడే ఆ తండ్రిగారి ప్రశ్నకు జవాబుంది. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. దాని విషం ఎంత ఘాటైనదంటే, మనిషిని పడగొట్టడానికి చాలినంత మోతాదు కూడా ఈ కణాలకు పాఠం నేర్పడానికి చాలదు. ఒకసారి ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవాళ్ళకు కూడా టీకా వేయాల్సిందే. టీకాలో ఉండేది అదే విషం, కాకపోతే కోరలు పీకిన పాము. కాటు ఉండదు, ఆకారం మాత్రం అలాగే ఉంటుంది, కణాలు ఆ ఆకారాన్ని గుర్తు పెట్టుకుంటాయి. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు ఈ విషానికి అలవాటు పడిన కుందేళ్ళ రక్తరసం ఎలుకలకు ఎక్కిస్తే, ఆ తర్వాత విషం ఇచ్చినా ఎలుకలు బతికాయి. వాళ్ళు ఆ ఏడాది రాసిన జబ్బులు రెండే, ధనుర్వాతం, కంఠసర్పి. మన టీడీ సూదిలో ఉన్నవీ ఆ రెండే. 1901లో మొట్టమొదటి వైద్య నోబెల్ బేరింగ్‌కు ఇచ్చారు, కిటసాటోకు ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

టీకా నేర్పే ఈ జ్ఞాపకం తట్టుకు వచ్చినంత గట్టిది కాదు. యాంటీబాడీలు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతాయి. అందుకే పసితనంలో మూడు మోతాదులు, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, ఐదారేళ్ళకు ఒకటి, తర్వాత 10వ ఏట, 16వ ఏట టీడీ. పైగా ధనుర్వాతం ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు కాబట్టి, తరగతిలో మిగతా 39 మందీ వేయించుకున్నా నలభయ్యోవాడికి దానివల్ల రక్షణ రాదు.

వచ్చే బుధవారం ఏఎన్ఎం మేడమ్ బడికి వస్తారు. పిల్లలను ఏమైనా తినిపించి పంపండి. జ్వరం ఉన్నా, ఇదివరకు ఏ సూదికైనా ఒళ్ళు తేడా చేసినా ముందే చెప్పండి. చేయి ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, టెన్షన్ పడకండి.

వెనక రాసిన తండ్రిగారికి అదే ఫారం మళ్ళీ పంపుతున్నాను. వెనకవైపు ఇంకా సగం ఖాళీ ఉంది, ఇంకేమైనా అడగాలనిపిస్తే అక్కడే రాయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు