తుపాను మనకు ఏ పక్కన పోతోందో రాయండి

సంపాదకులకు,

ఆర్యా,

బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందన్న వార్త రాగానే తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల వాళ్లం పత్రికలో మొదట వెతికేది ఒక్క మాటనే. అది ఎక్కడ తీరం దాటుతుంది? చెన్నై అని ఉంటే తమిళనాడు పాలైందనుకుంటాం, బాపట్ల అని ఉంటే కోస్తా జిల్లాలకు పోయిందనుకుంటాం, పేపరు మడిచి పక్కన పెడతాం. మరునాడు 'తీరం దాటిన వాయుగుండం, ఊపిరి పీల్చుకున్న జనం' అన్న శీర్షిక కనిపిస్తుంది. ఈ రెండు అలవాట్లూ, మాదీ మీదీ, మా ప్రాంతానికి ఎంత చేటు తెస్తున్నాయో చెప్పడానికే ఈ ఉత్తరం. నేను వాతావరణ శాస్త్రం చదివినవాణ్ణి కాను. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు చెరువు కట్టల వెంట తిరిగి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. గాలివాన రాత్రుల్లో చెరువును కాపలా కాసే లస్కరుతో పాటు కట్ట మీద నిలబడ్డ అనుభవం మాత్రం ఉంది.

2023 డిసెంబరు 3, ఆదివారం. ఆ రోజు తెలంగాణ ఓట్ల లెక్కింపు కావడంతో ఏ టీవీ పెట్టినా ఆధిక్యాలూ విజయోత్సవాలే తప్ప మిచౌంగ్ తుపాను సంగతి కింద పరుగెత్తే అక్షరాలకే పరిమితమైంది. సూళ్లూరుపేటలో ఉంటున్న మా చెల్లెలికి సాయంత్రం ఫోన్ చేసి, మేడ మీద వేసుకున్న రేకుల షెడ్డు సంగతి చూసుకోమ్మా అన్నాను. "మనకేం కాదులే అన్నా, అది బాపట్ల కాడ దాటుతుందంట గదా" అంది. ఆమె చెప్పినది తప్పు కాదు. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అయితే అక్కడికి చేరే ముందు అది చెన్నైకి ఎదురుగా సముద్రంలో పుంజుకుని, తీరానికి అంటీ అంటనట్టు ఉత్తర దిశగా పాకుతూ, 4వ తేదీ పగలంతా సూళ్లూరుపేట, తడ, వాకాడు మండలాల పక్కనుంచే పోయింది. బాపట్ల తమకు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరమని ధీమాగా ఉన్నవాళ్లకు తుపాను మాత్రం అంతకంటే ఎంతో దగ్గరగా వచ్చింది.

ఆ సోమవారం తెల్లవారుజామున ఈశాన్యం నుంచి మొదలైన గాలి మధ్యాహ్నానికి ఉత్తరానికీ, చీకటి పడేసరికి వాయవ్యానికీ తిరిగిందని ఆమె తర్వాత చెప్పింది. రేకుల మీద బరువుకని పెట్టిన సిమెంటు ఇటుకలు పొద్దున ఒక్కటీ కదల్లేదు. అవి గాలి వచ్చే వైపున వరసగా పేర్చినవి. సాయంత్రం గాలి దిక్కు మారి, ఇటుకలు లేని అంచు కిందికి చొరబడగానే, రేకులను బిగించిన జె-హుక్కులు పెళపెళమంటూ ఊడి, మూడు రేకులు పక్కింటి కొబ్బరి చెట్టుకు చుట్టుకున్నాయి. అదృష్టవశాత్తూ ఆ వేళకు కరెంటు లేదు కాబట్టి తెగిన తీగ ఎవరినీ బలిగొనలేదు. ఆ కరెంటు మళ్లీ రావడానికి రెండు రోజులు పట్టింది, అది వేరే కథ. గాలి దిక్కు మారుతుందని ముందు రోజు పత్రికలో ఒక్క వాక్యం ఉండి ఉంటే, రెండో అంచున కూడా నాలుగు ఇటుకలు పెట్టుకునేది కదా అన్నదే నా బాధ.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మన వైపు తుపాను గాలి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే ఎడమచేతి పక్కన తుపాను కేంద్రం ఉన్నట్టు లెక్క. కేంద్రం మనకు దక్షిణంగా, అంటే చెన్నై, పుదుచ్చేరిల వైపు తీరం దాటితే మనకు గాలి తూర్పు నుంచి వస్తుంది. సముద్రం మీది తేమనంతా మోసుకొచ్చి శేషాచలం కొండలకు కొడుతుంది, కొండ ఎక్కిన గాలి చల్లబడి అక్కడే కుమ్మరిస్తుంది. కేంద్రం మనకు ఉత్తరంగా పోతే గాలి పడమటి నుంచి, నేల మీదుగా వస్తుంది. వాన మెల్లగా తగ్గుముఖం పడుతుంది కానీ గాలి ఉధృతి వెంటనే తగ్గదు. ఒకే తుపాను, ఒకే వేగం, అయినా అది మనకు ఏ పక్కన పోయిందన్న దాన్ని బట్టి సూళ్లూరుపేటలో జరిగేది ఒకటి, తిరుమల కొండ మీద జరిగేది ఒకటి.

చెరువుల సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఇది నేను చూసిన విషయం. మా ప్రాంతంలో చెరువులు ఎక్కువగా పడమట కొండల నుంచి నీరందుకుని, తూర్పు వైపున కట్ట వేసుకున్నవి. తూర్పు గాలి వీస్తున్నంత సేపు చెరువులోని అల కట్టను వదిలి పడమటి ఒడ్డు వైపు పోతుంది. వాన కురుస్తూ చెరువు నిండి, మిగులు నీరు మొరవ మీదుగా పొర్లిపోతున్న సమయంలో గాలి పడమటికి తిరిగిందంటే, అలలన్నీ వచ్చి కట్ట లోపలి చెంపను కొట్టడం మొదలుపెడతాయి. రివిట్‌మెంటు రాళ్లు, అంటే చెంపకు రక్షణగా పరిచినవి, గట్టిగా ఉన్న కట్టకు ఫర్వాలేదు. రాళ్లు జారిపోయి, వాటి సందుల్లో తుమ్మ మొక్కలు మొలిచిన కట్ట మాత్రం గంట గంటకూ మట్టి కోల్పోతుంది. వాన తెరిపి ఇచ్చింది కదా అని ఊరు నిద్రపోయే వేళ అది. ఒకసారి అలాంటి రాత్రి, చెంప మీద ఒక జాన వెడల్పున మొదలైన కోత తెల్లవారేసరికి మనిషి కూర్చునేంత గుంట అయింది. ఇసుక బస్తాలు సరిపోక పక్క కళ్లంలోంచి వరిగడ్డి మోపులు తెచ్చి, వాటి మీద బండలు పెట్టి ఆపాం. 'తుపాను ఉత్తరంగా కదిలింది, ముప్పు తప్పింది' అని రేడియోలో విన్నది ఆ రాత్రే.

ఇక తీరం దాటాక ఊపిరి పీల్చుకోవడం గురించి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన దానికి పేరు లేదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే తుపాను అంటారు, పేరు పెడతారు. అది వాయుగుండం స్థాయిలోనే ఉండిపోయింది. పేరు లేని దాన్ని జనం లెక్కచేయరు, పత్రికలూ మొదటి పేజీకి తీసుకోవు. నవంబరు 18న నగరంలో వీధులు వాగులయ్యాయి. కపిలతీర్థం జలపాతం మండపాలను దెబ్బతీసింది. కొండ మీదికి వెళ్లే రోడ్లూ మెట్ల దారులూ మూసేశారు. మరునాడు 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. పాత లెక్క ప్రకారం ఊపిరి పీల్చుకోవలసిన సమయం అది. సరిగ్గా ఆ కొద్ది గంటల్లోనే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద పడింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత రెండు రోజులకు, 21న, రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ కనబడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించవలసి వచ్చింది. గుండం తీరం దాటి రెండు రోజులైనా కొండల మీద పడ్డ నీరు ఇంకా దిగుతూనే ఉంది.

మాండూస్ తుపాను సంగతి వేరు. అది 2022 డిసెంబరు 9 రాత్రి మహాబలిపురం దగ్గర తీరం దాటింది. పేరున్నది కాబట్టి అందరూ జాగ్రత్తపడ్డారు, దాని గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట: మిచౌంగా, మిగ్‌జామా అని ఆ వారమంతా పత్రికలూ టీవీలూ తలా ఒక రకంగా రాశాయి. ఆ ఉచ్చారణ మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు గాలి దిక్కు మీద పెట్టినా నేను ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

'భారీ', 'అతి భారీ' అన్న మాటలు కూడా ఇలాంటివే. రోజుకు సుమారు 7 నుంచి 11 సెంటీమీటర్ల వాన పడితే భారీ, 12 నుంచి 20 వరకు అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ అని వాతావరణ శాఖకు లెక్క ఉంది. పాఠకుడికి మాత్రం మూడూ ఒకేలా వినబడతాయి. 20 సెంటీమీటర్ల వాన అంటే ఎకరం నేల మీద ఎనిమిది లక్షల లీటర్ల నీరు, వంద ఎకరాల ఆయకట్టు ఉన్న చిన్న చెరువుకు పైనుంచి ఇంకెన్ని వందల ఎకరాల నీరు దిగుతుందో రైతే లెక్కవేసుకోగలడు. గాలి వేగం కూడా అంతే. గంటకు 60 కిలోమీటర్ల గాలి 90 అయితే అది ఒకటిన్నర రెట్లు బలమైనది అనుకుంటాం. గోడ మీదా రేకు మీదా దాని ఒత్తిడి రెండు రెట్లు దాటుతుంది. ఈ రెండు ముక్కలు ఏడాదికొకసారి కార్తీకం మొదట్లో అచ్చు వేస్తే చాలు.

మరో ఇబ్బంది మాకు ప్రత్యేకం. మేము రాష్ట్రపు చివర ఉన్నాం. చెన్నై నుంచి వచ్చే సమాచారం గుమ్మిడిపూండి దగ్గర ఆగిపోతుంది, అమరావతి నుంచి వచ్చే సమాచారం ఎక్కువగా నెల్లూరు పైనున్న తీరం గురించే ఉంటుంది. మధ్యలో తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం ఎవరి పత్రికకూ మొదటి వార్త కావు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పులికాట్ తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది కానీ, తిరుపతి ఎడిషన్ ఇప్పటికీ కొండ వైపు చూసినట్టుగా సముద్రం వైపు చూడటం లేదు. శ్రీహరికోటలో వాతావరణ రాడార్ ఉంది. ఆ చుట్టుపక్కల వాన ఎటు కదులుతోందో చూడగలిగే కన్ను మా గుమ్మంలోనే ఉండగా, మా ఊరి సంగతి మేము చెన్నై టీవీ చూసి తెలుసుకుంటున్నాం. నీళ్లకేమో రాష్ట్రపు హద్దులు పట్టవు. పిచ్చాటూరు ఆరణియార్ డ్యాము గేట్లు ఎత్తితే ఆ నీరు ఊత్తుకోట మీదుగా తమిళనాడులోకి పోతుంది. కాళంగి నది నీరు సూళ్లూరుపేటను ఒరుసుకుంటూ పులికాట్‌లో కలుస్తుంది. గాలికి సముద్రం ఉబ్బి ఉన్న రోజున ఆ నీరు లోనికి పోలేక వెనక్కి నిలుస్తుంది. సూళ్లూరుపేటలో ఏడెనిమిది పదుల వయసున్నవాళ్లను అడిగితే, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గరే తీరం దాటిన తుపాను గురించి నిన్న జరిగినట్టు చెబుతారు. వాళ్ల తర్వాతి తరానికి 'మన దగ్గరే దాటడం' అన్నది ఎలా ఉంటుందో తెలియదు. అందుకే పక్కనుంచి పోయినవాటిని తేలిగ్గా తీసుకుంటున్నారు.

కాబట్టి నా కోరిక ఇది. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు ఆఖరు దాకా, బంగాళాఖాతంలో ఏదైనా పుట్టినప్పుడల్లా, జిల్లా పేజీలో అరచేయంత చోటు కేటాయించండి. తీరం దాటే చోటు ఎలాగూ వేస్తారు, దాంతో పాటు ఆ కేంద్రం సూళ్లూరుపేటకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఏ దిక్కున ఉందో, మరునాటికి ఎటు జరుగుతుందో, దాన్ని బట్టి మనకు గాలి ఏ వైపు నుంచి ఏ వైపుకు తిరుగుతుందో రాయండి. ఆరణియార్, కల్యాణి డ్యాముల నీటిమట్టం, స్వర్ణముఖిలో ప్రవాహం ఎంతో కలెక్టరేట్ నుంచి రోజూ తెప్పించి వేయండి, ఆ అంకెలు అధికారుల దగ్గర ఉండేవే. తీరం దాటిన తర్వాత కూడా కనీసం మూడు రోజులు ఆ పెట్టెను ఆపకండి. వార్త రాసే విలేకరి మిత్రులు కూడా, జాలర్లు వేటకు వెళ్లరాదన్న హెచ్చరికతో పాటు, కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో, ఆ నంబరుకు అర్థమేమిటో ఒక వాక్యం చేరిస్తే బాగుంటుంది. ఒకటి, రెండు అంటే దూరంగా సముద్రంలో ఉందని, మూడు, నాలుగు అంటే రేవుకే గాలి తగలవచ్చని చాలామందికి తెలియదు.

మా చెల్లెలు ఈసారి షెడ్డుకు నాలుగు వైపులా ఇనుప పట్టీలు వేయించింది. గాలి ఎటు తిరుగుతుందో కనుక్కుని చెప్పమని మాత్రం నాకే ఫోన్ చేస్తోంది. ఆమె రోజూ తెప్పించుకునేది మీ పత్రికే.

భవదీయుడు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
తిరుపతి.